తొలి కాపురాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఊళ్లు కట్టిన కుటుంబాలు

నిర్వచనం, పరిధి

అడవి కొట్టి, వాగుకు కట్ట వేసి, గోడలు లేపి, ఆ నేల మీదే రెండో తరానికి పెళ్లిళ్లు చేసిన మొదటి కుటుంబాలు తొలి కాపురాలు. కాపు, కాపురం, కావలి అనే మాటలన్నీ ‘కాచు’ చుట్టూ అల్లుకున్నవే. నేలను కాచుకుని ఉండేవాడు కాపు, అతడు నిలిచి ఉండడం కాపురం. ఇవాళ ఏ రంగంలోనైనా తలపండినవాణ్ణి ‘పాతకాపు’ అంటున్నారు కానీ, పల్లెల్లో ఆ మాటకు అసలు అర్థం ఇంకా పోలేదు. ఊరు కట్టినప్పటి నుంచి ఉన్న ఇల్లు అని దాని అర్థం. కొన్ని కుటుంబాలకు అదే ఇంటిపేరు.

ఈ వ్యాసానికి పరిధి ఉమ్మడి కరీంనగర్ జిల్లా వాయవ్య, పశ్చిమ భాగాలు. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనలో ఈ ప్రాంతం జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలైంది. కోరుట్ల పట్టణం జగిత్యాల జిల్లాలో ఉంది.

నేల, నీరు

ఉత్తరాన గోదావరి, దక్షిణాన మానేరు, నడుమ గుట్టలు, బండనేల, ఎర్రమట్టి. పక్కనే గోదావరి ఉన్నా తొలి రైతుకు అది పెద్దగా అక్కరకు రాలేదు. ఒడ్డు ఎత్తు, నీరు లోతు. మానేరులో వానాకాలం పోతే ఇసుకే మిగిలేది. అందుకే ఇక్కడి ఊళ్లు నది వెంట బారులు తీరలేదు, గుట్టల మధ్య పల్లం వెతుక్కున్నాయి. రెండు గుట్టల నడుమ కట్ట వేస్తే కుంట, కుంట పెద్దదైతే చెరువు, చెరువు కింద తరి (మాగాణి) పొలం, దాని ఎగువన ఖుష్కి (మెట్ట) చెలక. ఈ వరస ఎక్కడ కుదిరితే అక్కడ ఊరు వెలిసింది. ఇల్లంతకుంట లాంటి పేర్లలో కుంట ఇప్పటికీ వినిపిస్తుంది. కోరుట్లలో పురాతనమైన మెట్లబావి నేటికీ ఉంది.

నీటి తర్వాత ఇనుము. కోరుట్లకు పడమట, ఇప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ తయారీని కళ్లారా చూసి రాశాడు. నాగలి కర్రు, గొడ్డలి, గడ్డపలుగు లేకుండా అడవి నేల లొంగదు. ఊరు కట్టిన కథల్లో కమ్మరి ఇల్లు మొదటి నాలుగైదింటిలోనే ఉండడానికి కారణం ఇదే.

చరిత్ర

కోటిలింగాల. జగిత్యాల జిల్లాలో గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఈ ఊరి దిబ్బ తెలంగాణలో అతి పాత పట్టణ స్థావరాల్లో ఒకటి. శాతవాహన వంశ స్థాపకుడు శిముకుడి నాణేలు ఇక్కడ దొరికాయి. అంతకుముందు ఏలిన గోబద, నారన, కంవాయస, సమగోపుల నాణేలు కూడా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడ నాణెం పోసే రాజ్యం, ఇటుక ఇళ్లు, నదీ వర్తకం ఉండేవి. అయితే ఆ ఇళ్లలో ఉన్నవారి పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

వేములవాడ చాళుక్యులు. కుటుంబం పేరు, ఊరు, వచ్చిన దారి అన్నీ రాతపూర్వకంగా దొరికేది 10వ శతాబ్దంలో. రాష్ట్రకూటుల సామంతుడిగా వేములవాడ నుంచి ఏలిన రెండో అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి ఉన్నాడు. అతని కావ్యం విక్రమార్జున విజయం 941 నాటిది. పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. దాని ప్రకారం వీరిది కమ్మనాడులోని వంగిపర్రు, అంటే కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. అరికేసరి పంపనికి ధర్మవురం అగ్రహారం ఇచ్చాడు, అది జగిత్యాల జిల్లా ధర్మపురే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. జినవల్లభుడు త్రిభువనతిలకమనే బసది (జైన గుడి) కట్టించాడు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు.

గుడి, చెరువు, తోట. పొరుగుసీమ నుంచి వచ్చిన కుటుంబం ‘ఇక మేం ఇక్కడివాళ్లమే’ అని చెప్పడానికి ఆ రోజుల్లో ఇంతకు మించిన దస్తావేజు లేదు. చెరువుకు అన్నగారి బిరుదు పెట్టుకోవడంలో కాస్త ఇంటి గొప్ప కూడా ఉంది.

పొలవాస, కాకతీయులు. జగిత్యాల పక్కనున్న నేటి పొలాస ఒకప్పటి పొలవాస. ఇక్కడి నుంచి మేడరాజు వంశం ఏలింది. వారిని గెలిచిన సంగతి కాకతి రుద్రదేవుడు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో చెప్పుకున్నాడు. కాకతీయుల కాలంలో అడవి నరికి సాగులోకి తేవడం, చెరువులు కట్టడం పుణ్యకార్యం కూడా, రాబడి మార్గం కూడా. సప్త సంతానాలనే భావన బలపడింది. కొడుకుతో పాటు చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహార ప్రతిష్ఠ కూడా సంతానమే. చెరువు కట్టినవాడికి, దాన్ని బాగుచేస్తూ వచ్చినవాడికి దాని కింది సాగులో కొంత భాగం ‘దశబంధం’గా దక్కేది. పెట్టుబడి లేని చోటికి కుటుంబాలను రప్పించిన ఏర్పాట్లలో ఇది ముఖ్యమైనది.

కుతుబ్‌షాహీ, అసఫ్‌జాహీ కాలాలు. పాలన కేంద్రం ఎలగందులకు మారింది. బీడు నేలను సాగు చేసేవారికి మొదటి ఏళ్లలో తక్కువ శిస్తుతో కౌలు ఇచ్చి ఊళ్లు నిలిపే పద్ధతి దక్కను అంతటా ఉంది. గంభీరావుపేట, ఎల్లారెడ్డిపేట, కోనరావుపేట, ముస్తాబాద్, ఇబ్రహీంపట్నం వంటి పేర్లలో మనుషుల జాడ కనిపిస్తుంది. 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా జగిత్యాలలో నక్షత్రాకారపు కోట కట్టించాడు. చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. ఫ్రెంచి ఇంజినీర్లు జాక్, తాల్ ఈ కోట కట్టారని, వారి పేర్ల మీదే జగిత్యాల అయిందని ఒక కథ. పొలవాస ప్రభువు జగ్గదేవుడి పేరే మూలమని మరొక కథ. కురిక్యాల, కొడిమ్యాల, మల్యాల అని చుట్టూ అదే తోకతో ఇన్ని ఊళ్లు ఉండగా, ఒక్క జగిత్యాలకే ఫ్రాన్సు దాకా పోవడం కొంచెం ఎక్కువే.

1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారడంతో ఎలగందుల వెనకబడింది. అప్పటికే నిజాం ప్రభుత్వం బందోబస్తు సర్వే చేయించి రైతుల పేర్లను కాగితం మీదికి ఎక్కించింది.

ఊరు కట్టే పద్ధతి

బొడ్రాయి (చూ. గ్రామదేవతలు). ఊరికి నాభి ఇదే. ఊరి నడిబొడ్డున గుంత తవ్వి, నవధాన్యాలు, లోహపు ముక్కలు వేసి రాయి నిలుపుతారు. ఏళ్లు గడిచి రాయి కుంగినా, ఊరికి కీడు జరిగిందనుకున్నా మళ్లీ ప్రతిష్ఠ చేస్తారు. ఆ రోజు ఊరి నుంచి ఎవరూ బయటికి పోరు, బయటివారు లోపలికి రారు. పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ ముందే పిలిపించుకుంటారు, వాళ్లు వచ్చి బొడ్రాయికి బిందెలతో నీళ్లు పోస్తారు. సర్వే కాగితాల్లో, పట్టాల్లో తొలి తరం ఆడవాళ్ల పేర్లు వెతికినా దొరకడం అరుదు. ఊరు కట్టిన కుటుంబంలో ఆడపిల్లకు కూడా వాటా ఉందని ఊరు ఒప్పుకునేది ఈ ఒక్క పూటే.

పొలిమేర. ఊరి హద్దు వెంట పొలి చల్లడం గ్రామదేవతల కొలుపులో భాగం. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ గుళ్లు ఎక్కువగా చెరువు కట్ట మీదో ఊరి చివరో ఉంటాయి. కట్ట మీది మైసమ్మను చూస్తే చాలు, చెరువుకూ ఊరికీ ఉన్న లంకె అర్థమవుతుంది.

ఆయగాండ్లు. నాగలి ఒక్కటే ఊరు కట్టదు. కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి కుటుంబాలను తెచ్చి ఇంటి జాగా, కొంత ఇనాం నేల ఇచ్చి కూర్చోబెట్టేవారు. పంట రోజుల్లో కల్లం దగ్గర వారికి గింజల వాటా. చెరువు తూము తీసి మళ్లకు నీళ్లు పంచేవాడు నీరటి. హద్దు, కావలి, కబురు చూసేవారు తలారి, మస్కూరి. వీటి పైన మాలిపటేల్, పోలీసుపటేల్, పట్వారీ. వంశపారంపర్యంగా నడిచిన ఈ గ్రామాధికారుల పదవులు 1980ల నడుమ ఎన్టీ రామారావు ప్రభుత్వ హయాంలో రద్దయ్యాయి.

ఊరి పటం కూడా ఈ పంపకం ప్రకారమే గీసుకుంది. గడి (దొర ఇల్లు), బొడ్రాయి, కాపుల ఇళ్లు నడుమ. కులానికో వాడ చుట్టూ. మాలవాడ, మాదిగవాడ ఊరికి ఎడంగా. ఊరు కట్టిన కథ ఎవరు చెబితే వారి ఇల్లే మొదటిదవుతుంది. కానీ కట్ట మీద మట్టి మోసినవారు, మోటకు బొక్కెన కుట్టినవారు లేకుండా ఏ ఊరికీ మొదటి పంట రాలేదు.

కుటుంబాల రకాలు

సేద్యపు కుటుంబాల్లో రెడ్డి, వెలమ, మున్నూరు కాపు, ముదిరాజ్ వంటి కులాలున్నాయి. వీటిలో మున్నూరు కాపుల పేరే ఒక వలస కథ. మున్నూరు అంటే మూడు వందలు. మూడు వందల కాపు కుటుంబాలను ఒక్కసారిగా తెచ్చి నిలిపారని కుల సంప్రదాయం చెబుతుంది. ఎక్కడి నుంచి, ఏ రాజు అనే విషయంలో కథకో దారి.

గొల్ల, కురుమ కుటుంబాలు మందల వెంట వచ్చాయి. గొల్లపల్లి లాంటి పేరు ఉన్నచోట నాగలి కన్నా ముందు గొర్రె వచ్చి ఉండవచ్చు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఎలగందులలో ముస్లిం కుటుంబాల్లో కొన్ని సిపాయిలుగా, గుమాస్తాలుగా, వర్తకులుగా కోటల నీడన స్థిరపడ్డాయి. ధర్మపురిలో నరసింహస్వామి గుడి చుట్టూ వేదపండిత కుటుంబాలు నిలిచాయి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఆ ఊరివాడే.

లంబాడీలది వేరే దారి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ సైన్యాల వెంట దక్కనుకు వచ్చిన ఈ కుటుంబాలు, బండ్ల బాటలు, రైళ్లు వచ్చి ఆ రవాణా పడిపోయాక అడవి అంచుల్లో తండాలు కట్టుకున్నాయి. వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట వైపు ఇవి ఎక్కువ. 1976లో తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డ్ తెగ హోదా వచ్చింది.

‘తొలి’ అనే మాటను ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. సారంగాపూర్, బీర్‌పూర్ వైపు గుట్టల్లో నాయకపోడు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. రాత పత్రాల్లో తొలి కుటుంబం అంటే చాలాసార్లు తొలిసారి శిస్తు కట్టిన కుటుంబం. శిస్తు కట్టనివారు అప్పటికే అక్కడ ఉన్నా లెక్కలోకి రాలేదు.

సిరిసిల్ల: మగ్గం వెంట వచ్చిన ఇళ్లు

మానేరు ఒడ్డున సిరిసిల్ల పెరిగిన తీరు సేద్యపు ఊళ్ల తీరు కాదు. ఇక్కడ కుటుంబాన్ని నిలిపింది చెరువు కన్నా మగ్గమే. చుట్టుపక్కల పల్లెల్లో చేనేత మీద బతికిన పద్మశాలి కుటుంబాలు నూలు, అంగడి, అప్పు దొరికే చోటికి చేరుకున్నాయి. గుంత మగ్గం ఉన్న ఇంట్లో కాపురమూ పనీ ఒకే కప్పు కింద. మగవాడు నేస్తుంటే ఆడవాళ్లు, పిల్లలు కండెలు చుట్టేవారు.

20వ శతాబ్దం రెండో సగంలో మరమగ్గం వచ్చింది. దాన్ని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, ‘సాంచా’ అంటారు. భివండీ, షోలాపూర్‌లలో సాంచాల మీద పనిచేసి వచ్చినవారు ఆ పనితనాన్ని వెంట తెచ్చారు. ఇంటి ముందరి గదిలోనే నాలుగో ఎనిమిదో సాంచాలు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. కార్ఖానా అంటే ఇల్లే, ఇల్లంటే కార్ఖానాయే. పని వరస మూడు మెట్లుగా సాగుతుంది. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునేవాడు సేటు. సాంచాలు సొంతంగా ఉండి, సేటు నూలుతో మీటరుకింత కూలి చొప్పున నడిపేవాడు ఆసామి. ఆ సాంచాల దగ్గర నిలబడి పనిచేసేవాడు కార్మికుడు. సాగు ఊళ్లో దేశ్‌ముఖ్, పట్టాదారు, పాలేరు ఎలా ఉండేవారో ఇక్కడ సేటు, ఆసామి, కార్మికుడు అలా. తేడా ఒకటే. కార్మికుడు ఆసామి కావడం, ఆసామి దివాలా తీసి మళ్లీ కార్మికుడు కావడం ఒక్క తరంలోనే జరిగిపోతాయి.

మంచి రోజుల్లో పట్టణంలో 30 వేలకు పైగా సాంచాలు ఆడాయి. ఆర్డర్లు లేక, కరెంటు బిల్లు కట్టలేక, అప్పుల పాలై నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజులూ సిరిసిల్ల చూసింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లతో కొన్నేళ్లు పని దొరికింది.

ఆధారాలు: ఇంటిపేరు, మిరాశీ, పహాణీ

కుటుంబ చరిత్రకు ఇక్కడ మూడు రకాల ఆధారాలు ఉన్నాయి.

మొదటిది ఇంటిపేరు. ఊరి పేరే ఇంటిపేరైతే, ఆ కుటుంబం ఆ ఊరు వదిలి వచ్చిందని అర్థం. ఊళ్లో అందరూ ఒకే ఊరివాళ్లయినప్పుడు ఆ పేరుతో ఒకరిని గుర్తుపట్టడం కుదరదు. పొరుగూరికి పోయాకే ‘ఫలానా ఊరివాళ్లు’ అవుతారు. అంటే వేములవాడ, ధర్మపురి అనే ఇంటిపేర్లు చాలావరకు ఆ ఊళ్ల బయట పుట్టినవే.

రెండోది నోటి చరిత్ర. తెలంగాణలో ప్రధాన కులాలకు వారి కులపురాణం చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి (చూ. ఆశ్రిత కులాలు, నకాషీ పటం). పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని పటం విప్పి చెబుతారు. ముదిరాజ్‌లకు కాకిపడగలవారు, చాకళ్లకు పటంవారు, గౌడులకు గౌడజెట్టీలు, కురుమలకు ఒగ్గువారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు. ఏ ఊళ్లు ఏ కథకుడివో ముందే పంచుకుని ఉంటారు. అదే మిరాశీ హక్కు, తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, అన్నదమ్ములు పంచుకుంటారు. వచ్చినప్పుడల్లా కథతో పాటు ఆ ఇంటి గోత్రం, వంశం పేర్లు చదివి త్యాగం (ప్రతిఫలం) పుచ్చుకుంటారు. తాత పేరు దాకా చెప్పగల మనవళ్లు చాలామందే. ముత్తాత అన్నదమ్ముల పేర్లు కావాలంటే కథకుడి కోసం ఎదురుచూడాల్సిందే. పటాలు రాసేది చేర్యాల నకాషీ కళాకారులు.

మూడోది సర్కారు కాగితం. నిజాం కాలపు భూమి రికార్డులైన సేత్వార్, ఫైసల్ పట్టీ, తర్వాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ. నేల తగాదా వచ్చినప్పుడు కోర్టులో నిలిచేది ఇవే. కథకుడి పటంలో ఉన్న పేరు పహాణీలో లేకపోవచ్చు, పహాణీలో ఉన్న పేరు ఆ నేల దున్నినవాడిది కాకపోవచ్చు.

విదేశాలతో పోలిక

అమెరికాలో అపలేచియన్ కొండల జిల్లాలకు తొలి కుటుంబాల చరిత్ర అంటే ప్రాణం. డేనియల్ బూన్ 1775లో కంబర్లాండ్ కనుమ గుండా వేసిన వైల్డర్‌నెస్ బాట వెంట స్కాచ్-ఐరిష్, జర్మన్ కుటుంబాలు కొండ లోయల్లోకి దిగాయి. అక్కడ వంశ చరిత్రకు ఆధారాలు ఇంటి బైబిల్‌లో రాసుకున్న పుట్టుకలు, కౌంటీ కచేరీలో నమోదైన భూమి పత్రాలు, సమాధి రాళ్లు. ఇక్కడ ఆ పని బొడ్రాయి, చెరువు, పటం చేశాయి. ఆ లోయలు కూడా ఖాళీగా లేవు. అవి చెరోకీ, షానీ తెగలు తిరిగే, వేటాడే నేల. పెద్ద తేడా నీటి దగ్గర ఉంది. అక్కడ ఒక కుటుంబం ఒంటరిగా గుడిసె వేసుకుని నిలవగలిగింది. ఇక్కడ చెరువు కట్ట ఒక్క కుటుంబంతో లేవదు. కాబట్టి తొలి కాపురం ఎప్పుడూ ఒకటి కాదు, కొన్ని కులాల జట్టు.

హక్కు, వెట్టి

ఊరు కట్టిన కుటుంబం వారసులమన్న మాట ఊరికే రాలేదు. జాతరలో మొదటి మర్యాద, చెరువు నీటిలో మొదటి పాలు, పటేల్‌గిరీ దాని వెంట వచ్చాయి. కొన్ని చోట్ల గడి, వెట్టి కూడా వచ్చాయి. ఆయగాండ్ల సేవ ఒకప్పటి ఇచ్చిపుచ్చుకోవడం నుంచి జారి బలవంతపు చాకిరీ అయింది. 1949లో జాగీర్లు రద్దయి, తర్వాత కౌలు చట్టం వచ్చి కొంత మార్చినా గడి పెత్తనం పల్లెల్లో మిగిలింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతు కూలీలు వేల సంఖ్యలో చేరి జైత్రయాత్ర జరిపారు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ దశాబ్దంలో చాలామంది దొరలు పట్నాలకు తరలిపోయారు. ఊరు కట్టామన్న ఇళ్లే ముందుగా ఊరు విడిచాయి.

మళ్లీ వలస

ఈ నేలకు వచ్చినంతమంది ఈ నేల నుంచి పోయారు కూడా. తెలుగు కూలీలైన కామాటీల పేరు మీదే ముంబైలో కామాటిపుర ఉంది. పద్మశాలి కుటుంబాలు 19వ శతాబ్దం నుంచి షోలాపూర్ చేరి మిల్లుల్లో, మగ్గాల మీద స్థిరపడ్డాయి. అక్కడ ఏటా శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం ఊరేగుతుంది. భివండీ, సూరత్‌లలోనూ తెలుగు వాడలు వెలిశాయి. 1970ల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల యువకులు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టారు. వెనక ఉన్న ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. తునికాకు ఈ అడవుల పంటే కనుక బీడీ కార్ఖానాలు ఇక్కడికి వచ్చాయి.

నీరూ ఊళ్లను కదిపింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ వచ్చాక మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చెలకలు వరి మళ్లయ్యాయి. ఒకప్పటి పొలవాసలో ఇప్పుడు వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అనే వరి రకం అక్కడిదే. మానేరు మీద మధ్య మానేరు జలాశయం కట్టినప్పుడు కొదురుపాక, అనుపురం, రుద్రవరం, సంకేపల్లి లాంటి ఊళ్లు ముంపులో పోయాయి. ఆ కుటుంబాలను పునరావాస కాలనీలకు తరలించారు. వరసగా గీసిన ప్లాట్లు, పక్క పక్కనే పాత వాడలవాళ్లు, కొత్త వాడలవాళ్లు. కాలనీలకు పాత ఊరి పేర్లే ఉన్నాయి. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు కొన్ని చోట్ల పాత ఊరి గోడలు బయటపడతాయి, అప్పుడు జనం పిల్లలను తీసుకుని వెళ్లి ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చూపించి వస్తుంటారు.